కొత్తవాడి నోరు మూయించాలి

"ఈ భూమ్మీద బరువు లేని నేరం లేదు తమ్ముడూ! తూచగలిగినవాడు ఉండాలంతే. అలాంటివాడు లోకానికి ఒక్కడే. ఆ ఒక్కడూ ప్రస్తుతం మీ వరండాలో చెప్పులు విప్పుతున్నాడు."

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి పెద్ద తోడల్లుడు ఈ మాటలతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేసరికి మాస్టారి గుండెల్లో రాయి పడింది.

ఆ తోడల్లుడు తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. దుకాణాల త్రాసుల అడుగున దాచిన అయస్కాంతాలు పట్టుకోవడంలో దిట్ట. కొత్తవాళ్ళకి "నేను ఇన్‌స్పెక్టర్‌ని" అని పరిచయం చేసుకుని, ఏ శాఖో అడిగేలోపు మాట మార్చేస్తాడు. రిటైరయ్యాక అపరాధ పరిశోధన నవలలు బస్తాల లెక్కన చదివి డిటెక్టివ్‌గా అవతారం ఎత్తాడు. ఇంతవరకూ ఛేదించిన కేసులు రెండు. ఒకటి పక్కింటి పిల్లి హత్య, మర్నాడు పిల్లి తిరిగొచ్చింది. రెండోది తన కళ్ళజోడు దొంగతనం, అది తన నుదుటి మీదే దొరికింది.

"అన్నయ్యా, నేను ఫోనులో అడిగింది..." అని మాస్టారు మొదలుపెట్టాడు.

"ష్! గుమ్మంలో కేసు మాట్లాడకూడదు. 'పాత వైరమేమన్నా ఉందా' అని వణికే గొంతుతో అడిగావు. ఆ వణుకు చాలు. కాఫీ కూడా తాగకుండా బయల్దేరాను."

"వైరం కాదన్నయ్యా, వైరు. పాత వైరేమన్నా ఉందా అనడిగాను. టీవీకి."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆగాడు. ఒక్క క్షణమే.

"వైరు ఉన్నచోటే వైరం ఉంటుంది తమ్ముడూ. పద, ఘటనాస్థలం చూపించు. దారిలో కాఫీ ఉంటే అదీ చూపించు."

ఘటనాస్థలం ముందుగది. గురువారంనాడు ఆ ఇంటికి కొత్త టీవీ వచ్చింది. పలకంత పల్చగా, గోడకి అతుక్కుని ఉంది. దాని కింద బల్లమీద పద్దెనిమిదేళ్ళనాటి సరౌండ్ సౌండ్ సెట్టు. నల్లటి పాత పెట్టె, దానికి ఆరు స్పీకర్లు. టీవీకి అటూ ఇటూ రెండు, మధ్యలో ఒకటి, మూలన నేలమీద స్టూలంత పెద్దది ఒకటి, అత్తగారి కుర్చీకి వెనకాల అటూ ఇటూ రెండు. కాలం చేసిన మామగారు ముచ్చటపడి కొన్న సెట్టు అది. ఉన్నన్నాళ్ళూ దాన్ని వేరేవాళ్ళ చేత ముట్టుకోనివ్వలేదు. ఆయన పోయి రెండేళ్ళైనా పాత టీవీతో అది పలుకుతూనే ఉంది. ఇప్పుడు ఈ కొత్త టీవీతో పలకనంటోంది. పలకడానికి దారే లేదు. పాత పెట్టెకి ఉన్నవి ఎరుపు, తెలుపు కన్నాలు. కొత్త టీవీ వెనక అలాంటివి మచ్చుకి ఒక్కటి కూడా లేదు.

సంగతి ఇంతే అయితే మాస్టారు పట్టించుకునేవాడు కాదు. అత్తగారు రోజూ సాయంత్రం ఆరింటికి టీవీలో ప్రవచనం వింటుంది. వినకపోతే ఆవిడకి రోజు గడిచినట్టుండదు. గురువారం సాయంత్రం కొత్త టీవీ ముందు కూర్చుని పది నిమిషాలకే "తలనొప్పి" అంటూ లేచి వెళ్ళిపోయింది. శుక్రవారం, శనివారం ఆ గదిలోకే రాలేదు. అడిగితే "ఏం లేదు నాయనా" అంటుంది. మాస్టారి భార్య మాత్రం ఓ నిర్ణయానికి వచ్చేసింది.

"ఆ వైర్లు నాలుగుసార్లు అమ్మ కాళ్ళకి చుట్టుకున్నాయి. ఎక్కడైనా పడిందంటే? కొత్త టీవీకి సొంత నోరుంది కదా, ఇంకా ఇవెందుకండీ? సాయంత్రం అయిదున్నరకి పాత సామాన్ల అతన్ని రమ్మన్నాను."

అత్తగారు ఆ మాట విని "మీ ఇష్టం" అంది. ఆ రెండు ముక్కలూ మాస్టారి మనసులో ముల్లులా దిగబడ్డాయి. "స్వామీ, ఆవిడేదో దాస్తోంది. చెప్పేవాళ్ళు చెప్పరు, చూపించేవాడివి నువ్వూ చూపించవు. అయిదున్నరలోపు నేనేం చెయ్యను?" అని పొద్దున దీపం దగ్గర నిలదీశాడు. జవాబుగా భగవంతుడు పెద్ద తోడల్లుణ్ణి పంపాడు. ఆయన లీల ఒక్కోసారి మాస్టారికి బొత్తిగా అర్థం కాదు.

ఇన్‌స్పెక్టరు సంచిలోంచి భూతద్దం, కొలత టేపు, కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు తీసి వరసగా పేర్చాడు.

"తూచకుండా నేనో మాటా మాట్లాడను" అంటూ కుర్చీ వెనక స్పీకరుని కొక్కేనికి తగిలించాడు. "కుడిది ఆరువందల యాభై. ఎడమది... ఆగు... ఎనిమిదివందల యాభై! చూశావా? ఒకేలా కనిపించే రెండింటి మధ్య రెండువందల గ్రాముల తేడా! లోపల ఏదో దాచారు!"

"వేరే కంపెనీదేమో అన్నయ్యా."

"అమాయకుడివి. ఇలా రా, నిన్నూ తూస్తాను."

"నన్నెందుకు?"

"అందరినీ అనుమానించాలి."

మాస్టారు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇన్‌స్పెక్టరు బోర్లా పడుకుని బల్లకింద దూరి, పాత పెట్టె అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. పర్రుమని చప్పుడైంది. మడతపెట్టిన కాగితంతో బయటికొచ్చాడు. దుమ్ముతో ఆయన మీసం తెల్లబడింది.

"టేపు వేసి దాచారు! పైభాగం చింపేశారు! సాక్ష్యాధారాల విధ్వంసం!"

"ఇప్పుడు మీరే చింపారన్నయ్యా. మిగతాది కిందే అంటుకుని ఉంటుంది, తీద్దాం."

"అక్కర్లేదు. చివర దొరికితే మొదలు నేనే అల్లుకుంటాను."

అది మామగారి చేతిరాత. గుండ్రంగా, వంకర లేకుండా, ఆయన మనిషిలాగే ఉంది. ఇన్‌స్పెక్టరు భూతద్దం పెట్టి, గొంతు తగ్గించి చదివాడు.

"'...మొత్తం ఆరుగురు. కవలలిద్దరూ ఎదురుగా ఉంటారు, పాటలు వాళ్ళవి. మాటలన్నీ నడిపోడివి, వాడు నోరు విప్పకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పెద్దాడు మూల కూర్చుని గొణుగుతుంటాడు, వాణ్ణి గోడకి ఆననివ్వద్దు. వెనకవాళ్ళిద్దరిలో నాకు ఎడమవాడు ముఖ్యం. వాణ్ణి మార్చి తెచ్చానని ఆవిడకి తెలియదు. తెలియకూడదు. ఒక్కటి మర్చిపోవద్దు. ముందు కొత్తవాడి నోరు మూయించాలి. అప్పుడే పాతవాళ్ళు పలుకుతారు.'"

ఇన్‌స్పెక్టరు భూతద్దం దించాడు.

"చిన్నిల్లు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అన్నయ్యా!"

"ఆరుగురు పిల్లలు తమ్ముడూ! అందులో కవలలు! ఒకణ్ణి ఆస్పత్రిలో మార్చి తెచ్చారు! మామగారు పైకి మడి, లోపల మహా ముదురు!"

"కళ్ళు పోతాయన్నయ్యా. ఆయన రోజూ రెండు పూటలా పూజ చేసిన మనిషి."

"నేను పట్టుకున్న దొంగ త్రాసులన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టే ఉండేవి."

మాస్టారికి మూల కూర్చుని గొణిగేవాడి మాట ఎక్కడో విన్నట్టే, ఎవరో బాగా తెలిసినవాడిలానే అనిపించింది. ఎవరో గుర్తొచ్చేలోపు ఇన్‌స్పెక్టరు ఆయన భుజం పట్టుకున్నాడు.

"అసలు ప్రమాదం చివరి వాక్యంలో ఉంది. కొత్తవాడి నోరు మూయించాలట. అంటే హత్య! ఈ ఇంటికి కొత్తవాడెవడు? అల్లుళ్ళం ఇద్దరం. నా పెళ్ళై ముప్ఫై ఒక్క ఏళ్ళు."

"నాకు ఇరవై ఏడు."

"నువ్వే కొత్త!"

ఇన్‌స్పెక్టరు ఆయన వైపు జాలిగా చూశాడు. మాస్టారు ఆ చూపు చూసి, ఎందుకైనా మంచిదని, తలుపు గడియ వైపు ఓసారి చూశాడు. తనమీద తనకే నవ్వొచ్చింది. కానీ భయం తనకోసం కాదు. యాభై ఏళ్ళ కాపురాన్ని గుండెల్లో పెట్టుకుని బతుకుతున్న మనిషి ఆ గోడకవతల ఉంది. ఈ కాగితం ఆవిడ కంట పడితే?

"అత్తయ్యగారికి ఈ సంగతి తెలియకూడదు అన్నయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తెలియనిస్తానా? నేను ప్రశ్న వేశానని కూడా ప్రశ్నించబడినవాళ్ళకి తెలియదు" అంటూ ఇన్‌స్పెక్టరు తిన్నగా ఆవిడ గదిలోకి నడిచాడు.

అత్తగారు మంచంమీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. ఇన్‌స్పెక్టరు ఆవిడ కుడిపక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మాస్టారు ఎడమపక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, కవలల సంగతి మీకేమన్నా తెలుసా?"

"కలువలా? ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతున్నాయి నాయనా!"

"కలువలు కాదు. సరే, పెద్దాడి సంగతి?"

"పెరడు సంగతా? ఊడ్చి రెండ్రోజులైంది."

"పోనీ నడిపోడు?"

"నడుంపోటా? ఉంది. నిరుటినించీ ఉంది. మందు రాస్తున్నా."

ఇన్‌స్పెక్టరు మాస్టారికి కన్ను గీటి, చివరి బాణం వదిలాడు. "మార్చి తెచ్చింది ఎవరిని?"

"మార్చిలోనా? ఎవరొచ్చారు మార్చిలో? ఎవరూ రాలేదే!"

"మంచినీళ్ళు కావాలా అత్తయ్యగారూ?" అని మాస్టారు సిగ్గుతో నేల చూస్తూ మెల్లిగా అడిగాడు.

"వద్దు నాయనా, ఇందాకే తాగాను" అంది ఆవిడ వెంటనే.

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకున్నాడు. "ఎన్ని కేసులు చూళ్ళేదు! ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబు చెబితే ఒట్టు. అన్నీ తెలిసే మాట దాటేస్తోంది. అత్తయ్యగారు సామాన్యురాలు కాదు తమ్ముడూ."

మాస్టారికి ఏదో తేడాగా అనిపించింది గానీ, ఏమిటో చేతికి చిక్కలేదు. ఈలోగా ఇన్‌స్పెక్టరు మళ్ళీ ముందుగదిలో చేరి, టీవీ వెనక తల దూర్చి, పొలికేక పెట్టాడు.

"దొరికింది! ముఠా అడ్డా దొరికింది! ఇక్కడ చదరపు కన్నం ఉంది, లోపల ఎర్రగా వెలుగుతోంది. దాని పక్కన అచ్చు అక్షరాలతో ఏం రాసుందో తెలుసా? ఆప్టికల్!"

"అయితే?"

"అయితే ఏమిటయ్యా, వీధి చివర ఉన్నది ఏ షాపు?"

వీధి చివర ఉన్నది కళ్ళజోళ్ళ షాపు. బోర్డు మీద రెండు పెద్ద కళ్ళు, కింద 'ఆప్టికల్స్' అని ఎర్ర అక్షరాలు. అయిదు నిమిషాల తర్వాత ఇన్‌స్పెక్టరు ఆ షాపు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"నేను ఇన్‌స్పెక్టర్‌ని. మా తమ్ముడి టీవీ వెనక మీ షాపు పేరెందుకుంది?"

షాపతను నిదానస్తుడు. "టీవీ వెనకనించి చూస్తున్నారా సార్? అందుకే కనపడట్లేదు. కూర్చోండి, ఆ బోర్డు మీద ఆఖరి వరస చదవండి."

"మాట మార్చకు. ఆ ఎర్ర వెలుగు దేనికి సంకేతం?"

"ముందు వరస చదవండి సార్."

ఇన్‌స్పెక్టరు చదివాడు. రెండో వరస దాకా చదివాడు. మూడో వరసని "ఇది రహస్య లిపి" అన్నాడు. తర్వాత మూతి ముడుచుకుని, కౌంటరు మీది ఫ్రేములు ఒక్కొక్కటీ స్ప్రింగు త్రాసుకి తగిలించి తూచడం మొదలుపెట్టాడు. కొనడానికొచ్చిన ఇద్దరు ఆ త్రాసు చూసి, ఏ శాఖవాళ్ళో తెలియక, మెల్లిగా జారుకున్నారు.

షాపతను మాస్టారి వైపు దీనంగా చూశాడు. మాస్టారు సిగ్గుతో చితికిపోతూ ఉన్న సంగతి చెప్పాడు. కొత్త టీవీ, పాత పెట్టె, ఎరుపు తెలుపు కన్నాలు లేకపోవడం, సాయంత్రం అయిదున్నర.

"ఓస్, అదా! ఆప్టికల్ అంటే అద్దాలు కాదు మాస్టారూ. ఆ కన్నంలోంచి మాట వెలుగు రూపంలో బయటికొస్తుంది. ఎర్రగా కనిపించేది అదే. మధ్యలో అగ్గిపెట్టెంత డబ్బా పెడితే ఆ వెలుగుని మళ్ళీ మాట చేసి ఎరుపు తెలుపు పిన్నుల్లోకి పంపుతుంది. మా షాపు టీవీకి అదే వాడాను. కొత్త స్పీకర్లు పెట్టాక ఊరికే పడుంది." అతను సొరుగు లాగి ఓ చిన్న డబ్బా, సన్నటి నల్లటి తీగా తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. "తీసుకెళ్ళండి. ఆయన్ని కూడా."

మాట వెలుగై వస్తుంది, వెలుగు మళ్ళీ మాటవుతుంది. మాస్టారు దారిపొడుగునా ఆ డబ్బాని అరచేతిలో పెట్టుకుని నడిచాడు. ఇన్నేళ్ళుగా రోజూ వెలుగుకి దణ్ణం పెడుతున్నాడు. అది మాట్లాడుతుందని ఎవరూ చెప్పలేదు. లేక అది మాట్లాడుతున్నా తన దగ్గర సరైన డబ్బా లేదో?

"చూశావా, ఆధారం ఎలా లాగానో?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

భోజనాలయ్యాక పని మొదలైంది. మాస్టారు టీవీ కన్నంలో తీగ గుచ్చి, రెండో కొస డబ్బాకి పెట్టి, డబ్బాకి కరెంటిచ్చి, ఎరుపు తెలుపు పిన్నులు పాత పెట్టెకి తగిలించాడు. ఇన్‌స్పెక్టరు భూతద్దంతో లైటుకి అడ్డం నిలబడి సాయం చేశాడు. అంతా కలిపి మీట నొక్కితే కొత్త టీవీ యథాప్రకారం గోడతో గుసగుసలాడింది. పాత పెట్టె కిమ్మనలేదు. పీకి పెట్టాడు, పెట్టి పీకాడు. నాలుగైంది. అయిదైంది. పాత సామాన్ల అతను రాకుండానే అయిదున్నరా దాటింది, ఆరు కావొచ్చింది. రిమోటు తీసుకుని తెరమీద ఒక్కో పేజీ తెరిచి చూస్తుంటే గేటు దగ్గర కేక వినపడింది.

"పాత సామాన్లమ్మా!"

"ఇక చాలు, వదిలెయ్యండి" అంది మాస్టారి భార్య. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "నాన్న వస్తువంటే నాకు మాత్రం ప్రేమ లేదా ఏమిటి? మూగ వస్తువుని ఎన్నాళ్ళని చూస్తూ కూర్చుంటాం?"

పాత సామాన్ల అతను భుజాన గోనెసంచి, చేతిలో త్రాసుతో లోపలికొచ్చి, బల్ల దగ్గరికి నడిచాడు. ఇన్‌స్పెక్టరు దిగ్గున లేచాడు. అన్ని నవలల్లోనూ ఆఖరి అధ్యాయంలో అందరినీ ఒకే గదిలోకి పిలుస్తారు. ఆ సమయం వచ్చేసిందని ఆయనకి తోచింది.

"ఎవరూ కదలొద్దు! నేను ఇన్‌స్పెక్టర్‌ని! మరదలా, అత్తయ్యగారిని తీసుకురా. తమ్ముడూ, ఆ రిమోటు కింద పెట్టి చేతులు కనపడేలా నిలబడు. ఇదిగో, త్రాసు పట్టుకున్నాయనా, నువ్వూ ఉండు!"

పాత సామాన్ల అతని మొహం పాలిపోయింది. చేతిలోని త్రాసుని మెల్లిగా వీపు వెనక్కి తీసుకెళ్ళాడు. మాస్టారు రిమోటుని సోఫామీద పెట్టాడు. తెరమీద 'టీవీ స్పీకర్' అనే మాట పక్కన టిక్కు వెలుగుతోంది.

ఏం గొడవో తెలియక అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, మూడు రోజుల తర్వాత మొదటిసారి తన కుర్చీలో కూర్చుంది.

"ఈ ఇంట్లో ఒక రహస్యం ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు, వెనక చేతులు కట్టుకుని పచార్లు చేస్తూ. "దాని బరువు అక్షరాలా రెండువందల గ్రాములు! అదిగో, అతనికి చెమటలు పట్టాయి. అది నేరస్థుడి చెమట!"

"నేనేం చెయ్యలేదు బాబూ, ఈ త్రాసు మా బామ్మర్దిది" అన్నాడు పాత సామాన్ల అతను.

"బావగారూ, ఏమిటిదంతా?" అంది మాస్టారి భార్య.

"చెబుతాను. మీ నాన్నగారు యాభై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఎవరికీ తెలియకుండా..." అంటూ ఇన్‌స్పెక్టరు జేబులోంచి కాగితం తీశాడు.

అత్తగారు మెడ కొంచెం పక్కకి వంచి, ఏమంటున్నాడా అని ఆత్రంగా చూస్తోంది. ఇంకొక్క మాట పడితే ఆ చూపు ఆరిపోతుంది.

"వద్దన్నయ్యా!" జీవితంలో మొదటిసారి మాస్టారు పెద్దంతరం చిన్నంతరం మర్చిపోయి అరిచాడు. ఒక్క ఉదుటున ముందుకొచ్చి కాగితం లాక్కోబోయాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని తలపైకెత్తి, మరో చేత్తో గాలిలో వేలు ఆడిస్తూ, వెనక్కి వెనక్కి అడుగులేశాడు.

"నిజాన్ని ఆపలేవు తమ్ముడూ! ఇంతకీ ఆ దొంగ ఎవడు? ఎక్కడున్నాడు?"

ఆయన మడమలు సోఫాకి తగిలాయి. ధబ్బున కూలబడ్డాడు. ఆయన కింద రిమోటు కిర్రుమంది.

తెరమీద టిక్కు ఒక్క మెట్టు కిందకి దిగి 'ఆప్టికల్' పక్కన కూర్చుంది. టీవీ ఠక్కున నోరు మూసుకుంది. మూలన పెద్దాడు గొంతు సవరించుకున్నాడు. కవలలిద్దరూ తంబూరా అందుకున్నారు. అప్పుడు నడిపోడు నోరు విప్పాడు. ప్రవచనకర్త గొంతు గదంతా నిండిపోయింది.

"ఆ దొంగ ఎక్కడో లేడు నాయనా! నువ్వు కూర్చున్న చోటే ఉన్నాడు. వాడి పేరు అహంకారం!"

ఇన్‌స్పెక్టరు సోఫాలోంచి అడుగెత్తు ఎగిరిపడ్డాడు. పాత సామాన్ల అతను ఆ గర్జన తనమీదకే అనుకుని, సంచి కూడా వదిలేసి గేటు దాటాడు. త్రాసుని మాత్రం మర్చిపోలేదు. మాస్టారి భార్య ముందు నోరు తెరిచింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"కొత్తవాడు..." అన్నాడు మాస్టారు, టీవీ వైపు వేలు చూపిస్తూ. "అన్నయ్యా, కొత్తవాడంటే వీడు! వీడి నోరు మూయిస్తే గానీ పాతవాళ్ళు పలకరు! ఆరుగురంటే స్పీకర్లు!"

ఇన్‌స్పెక్టరు లేచి, పంచె దులుపుకుని, భూతద్దం తుడిచి సంచిలో పెట్టాడు.

"ఆ మాట నీ నోటితోనే చెప్పించాలని పొద్దుట్నించీ కష్టపడుతున్నాను" అన్నాడు. "ఆప్టికల్ అని మొదట అన్నదెవరు?"

మాస్టారు బల్ల ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. మామగారిని అరపూటైనా అనుమానించినందుకు మనసులోనే చెంపలేసుకున్నాడు. పాత పెట్టెని సరిగ్గా జరపబోతే అడుగున చేతికి కాగితం తగిలింది. పొద్దున చిరిగిపోయిన పైముక్క. మిగతావాళ్ళంతా నవ్వుల్లో ఉండగా బల్ల చాటున చదివాడు.

"అల్లుడికి దీవెనలు. కిందటిసారి టీవీ మార్చినప్పుడు దీన్ని కలపలేక రెండు రోజులు తిప్పలు పడ్డాను. మళ్ళీ మార్చేనాటికి నేనుంటానో లేదో. మీ అత్తయ్యకి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎవరికీ చెప్పదు, నాకూ చెప్పలేదు. నేనూ తెలియనట్టే ఉన్నాను. ఈ సెట్టు తీసేస్తే ఆవిడకి ప్రవచనం వినపడదు. అడగదు కూడా. వీళ్ళు..."

మాస్టారు తల తిప్పి చూశాడు. అత్తగారు కళ్ళు మూసుకుని, మెడ ఎడమకి వంచి, ఆ రెండువందల గ్రాములు ఎక్కువున్న స్పీకరుకి చెవి అప్పగించి కూర్చుంది. మూడు రోజులుగా ఆకలిగా ఉన్న మనిషి అన్నం తింటున్నట్టుంది ఆవిడ మొహం. కలువలు, పెరడు, నడుంపోటు, మార్చి అన్నీ ఒక్కసారిగా మాస్టారికి అర్థమయ్యాయి. ఇన్‌స్పెక్టరు చేతిలోని కిందముక్క కూడా అడిగి తీసుకుని, రెండూ కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేపే ఆ వైర్లన్నీ గోడవారగా మేకులతో బిగించేస్తానని భార్యకి మాటిచ్చాడు.

ప్రవచనం అయిపోయింది. ఇన్‌స్పెక్టరు మాత్రం అవ్వలేదు. అత్తగారి కుడిపక్కన కుర్చీ వేసుకుని, కేసు ఎలా ఛేదించాడో మొదట్నించీ చెబుతున్నాడు. ఆవిడ చిరునవ్వుతో "ఆహా, అలాగా" అంటూ తలాడిస్తోంది. మంచినీళ్ళ కోసం ఆయన లేచి లోపలికి వెళ్ళాక, మాస్టారు మెల్లిగా ఎడమపక్కకి చేరి, గొంతు పెంచకుండా అడిగాడు.

"బాగా వినపడిందా అత్తయ్యగారూ?"

ఆవిడ తల తిప్పి ఆయన నిలబడ్డ చోటు చూసింది. తర్వాత ఆయన జేబు చూసింది.

"ఆయన రాసిపెట్టారు కదూ?"

మాస్టారు తడబడ్డాడు. "మీకు తెలియదని..."

"ఎడమవైపుది మార్చి తెచ్చిన రోజే తెలుసు నాయనా. నాకు తెలిసిపోయిందంటే ఆయన ముచ్చట పాడవుతుందని ఊరుకున్నా." ఆవిడ వేలితో ఆ స్పీకరుమీది దుమ్ము తుడిచింది. "నువ్వూ ఎవరికీ చెప్పకు. చెవి పోతే పోయింది గానీ, దానివల్ల నాకో సుఖం ఉంది."

"ఏమిటండీ?"

లోపల్నించి ఇన్‌స్పెక్టరు గ్లాసుతో వచ్చి, తన కుర్చీలో సర్దుకుని, "ఎక్కడ ఆపాను?" అన్నాడు.

అత్తగారు ఆయన వైపు తిరిగి ఆప్యాయంగా తలాడించి, మళ్ళీ మాస్టారి వైపు ఒరిగి, చెవిలో చెప్పింది.

"మీ అన్నయ్య ఎప్పుడొచ్చినా అటువైపే కూర్చుంటాడు."